నారుమడికి పెట్టిన నీళ్ళు

వదిన పోయి నెలన్నర అయింది. ఆసుపత్రిలో చివరి వారం ఆమె చేతికి సెలైన్ ఎక్కుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని సీసా మీది అంకె చదువుతూ ఉండేదాన్ని. నూరు పాళ్ళ నీటికి ఒక పాలు కూడా నిండని ఉప్పు. అది బాగా తగ్గితే నెత్తుటి కణాలు నీరు పీల్చుకుని ఉబ్బి పగులుతాయి. బాగా పెరిగితే కణాల్లోని నీరు బయటికి పోయి అవి ముడుచుకుంటాయి. ముప్ఫై ఏళ్ళపాటు ఈ మాట బోర్డు మీద బొమ్మ గీసి పిల్లలకు చెప్పాను. మొట్టమొదట చెప్పింది మాత్రం మా అన్నకు. సగమే చెప్పాను, ఆ సగాన్నే మొత్తం అనుకున్నాను. వదిన ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ నేనూ ఎత్తలేదు.

మాది నెల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. సంగం దగ్గర పెన్న నుంచి బయలుదేరే కాలువకు మేం చివరి కొసన ఉంటాం. పై ఊళ్ళు తడుపుకుని వదిలింది మాకు వస్తుంది. వదిన పుట్టిల్లు సంగం పక్కనే. కాలువ రాని రోజుల్లో అన్న అన్నం ముందు కూర్చుని ఆమెను ఆటపట్టించేవాడు.

"మీవోళ్ళు కాలవకి అడ్డం పడుకోనుండారేమో. ఒక జాబు రాయరాదా."

"రాస్తే వదుల్తారు. మంచినీళ్ళు తాగితే మీకు అరగదేమోనని ఆలోచిస్తుండారు" అనేది వదిన.

ఆ ఎత్తిపొడుపుకు కారణం ఉంది. మా ఊరి బావి నీళ్ళు ఉప్పన. ఆ సంగతి మాకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ అవే తాగాం కాబట్టి నీళ్ళ రుచే అది అనుకున్నాం. వదిన కాపురానికి వచ్చిన రోజు ఒక గుక్క నోట్లో పోసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి ఉమ్మి వచ్చింది. మర్నాటి నుంచి ఇసుకదిబ్బల్లోని దొరువుకు వెళ్ళి తన కడవ తానే తెచ్చుకునేది. దొరువంటే ఇసుకలో తవ్విన వెడల్పాటి గుంట. ఇసుకలో ఇంకిన వాన నీరు కిందనున్న ఉప్పునీటి మీద పలచగా తేలి ఉండి, ఆ గుంటలోకి ఊరుతుంది. నిదానంగా ముంచుకుంటే మంచినీళ్ళు వస్తాయి. ఆత్రపడి తోడితే కిందివి పైకి వస్తాయి. మూడేళ్ళయినా ఆమె బావి నీళ్ళు ముట్టలేదు. "రాణిగారి కడవ వస్తా ఉండాది, దోవ ఇడవండి" అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

అరవైల మొదటి ఏళ్ళలో సంగతి ఇది. నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్నాను. వృక్షశాస్త్రం నా పాఠం. ఆ ఏడు అన్న మూడు మళ్ళలో మోళకొలుకుల వరి నారు పోశాడు. నారు జానెడు ఎత్తు లేచాక కాలువ ఆగింది. వానలు రావాల్సిన రోజులు వచ్చాయి గానీ వాన రాలేదు. అది ఆరు నెలల పంట. నారు పోతే మళ్ళీ చల్లడానికి విత్తనం లేదు, ఉన్నా అదను దాటిపోతుంది. అంటే ఆ ఏడాదికి మా ఇంట్లో వడ్లు ఉండవు.

అలాంటప్పుడు మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పొలాల మురుగు కాలువ దిగువన ఉప్పుటేట్లో కలుస్తుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్ళు మురుగు కాలువలోకి ఎగదన్నుతాయి. పాటు మీద వెనక్కి పోతాయి. పాటు సమయంలో ఆ నీటిని గూడతో, అంటే తాళ్ళు కట్టిన బుట్టతో, ఎత్తి నారుకు ఒక తడి పెట్టేవాళ్ళు. పెట్టే ముందు ఊరికి నీళ్ళు పంచే పెద్దాయన దోసిట్లోకి తీసుకుని, నోట్లో పోసుకుని, ఉమ్మి, తీర్పు చెప్పాలి. ఆయన కాదంటే ఎవరూ గూడ దించరు. ఆ ఏడాది ఆయన రెండుసార్లు రుచి చూసి "చప్పగానే ఉండాయి, పెట్టుకోండి" అన్నాడు.

వదిన కూడా గట్టు మీద కూర్చుని చేతిని ముంచి చూసుకుంది. ఉమ్మింది. పెద్దల ఎదుట ఆమె మా అన్నతో నేరుగా మాట్లాడేది కాదు, ఆ రోజుల్లో మా ఇళ్ళలో అంతే. ఇంటికి వచ్చాక చెప్పింది, ఆ నీళ్ళు ఉప్పని.

అన్నకు ఎటూ పాలుపోలేదు. ఒక మందు సీసా కడిగి, మురుగు కాలువ నీళ్ళు నింపి, బిరడాకు గుడ్డ చుట్టి, పొద్దున్నే బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. చెప్పులు ల్యాబు మెట్ల కింద విడిచి వరండాలో నిలబడ్డాడు.

"మీ వదినేమో ఉప్పంటది. పెద్దాయనేమో చప్పనంటాడు. ఇద్దరి నాలుకల మధ్యన నా నారు ఉండాది. మీ కాలేజీలో ఏదన్నా తెలస్తదా?"

తెలుస్తుందన్నాను. తడుముకోకుండా అన్నాను.

ల్యాబు పక్కన కుండీల్లో ఒక మొక్క ఉండేది. ఆకు పైన పచ్చగా, అడుగున వంకాయ రంగులో ఉంటుంది. అడుగు పొరను ఉల్లిపొరలాగా లాగి గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే, ఆ వంకాయ రంగు కణాల లోపలి నీటిలో నిండి కనిపిస్తుంది. రంగు నీటిలో ఉంది కాబట్టి నీరు కదిలితే కంటికి తెలిసిపోతుంది. ముందు ఒక పొర మీద గట్టి ఉప్పునీళ్ళు వేశాను. రెండు నిమిషాల్లో ప్రతి కణంలోనూ రంగు గోడను వదిలి మధ్యకు కుంచించుకుంది. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీరు అటు వెళ్ళిపోతుంది. అన్నను పిలిచి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఎండిపోయిన రేగుపళ్ళ మాదిరి ఉండాయి" అన్నాడు.

ఇంకో పొర మీద అన్న తెచ్చిన నీళ్ళు వేశాను. పావుగంట ఆగాం. కణాలు నిండుగా అలాగే ఉన్నాయి. ఒక్కటీ ముడుచుకోలేదు.

"ముడుచుకోలేదన్నా. ఈ నీళ్ళతో మొక్కకి ఇబ్బంది లేదు."

మొదటి వాక్యం నేను చూసింది. రెండోది నేను చూడలేదు. పక్క బల్ల దగ్గరున్న మా లెక్చరరు గారు "ఎంతసేపు ఉంచావు?" అని అడిగారు. "పావుగంటండీ" అన్నాను. ఆవిడ ఇంకేదో అడగబోయి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు. నేను ఆ నీళ్ళను నోట్లో వేసుకుని చూడలేదు. ల్యాబులో ఏదీ నోట పెట్టకూడదని నియమం. చూసినా నాకు తెలిసేది కాదేమో, నాదీ ఆ ఊరి నాలుకే.

అన్న ముఖం తేలికపడింది. "ఇంక మీ వదిన నోరు మూయించొచ్చు" అని నవ్వుతూ మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. సీసాలో సగం నీళ్ళు మిగిలాయి. వాటిని అల్మారాలో పెట్టాను.

నాలుగో రోజు ప్రాక్టికల్సులో పక్క అమ్మాయికి అది చూపించాలనిపించింది. మా అన్నకు సాయం చేశానన్న గర్వం కాక మరోటి కాదు. పొర మీద ఆ సీసా నీళ్ళే వేసి చూపించాను. కణాలు నిండుగా ఉన్నాయి. ఇంతలో గంట కొడితే పలకను కిటికీ గట్టు మీద పెట్టి క్లాసుకు వెళ్ళాను. గంటన్నర తర్వాత కడగడానికి వచ్చి చూస్తే, ఎండ జరిగి గట్టు మీదికి వచ్చింది. నీటి చుక్క మూడో వంతు అయింది. కడిగేముందు ఎందుకో ఒకసారి మైక్రోస్కోపు కింద పెట్టాను.

అంచున ఉన్న కణాలన్నీ ముడుచుకుని ఉన్నాయి.

నేను వేరే నీళ్ళు వేయలేదు. అవే నీళ్ళు. ఎండకు నీరు పోయింది, ఉప్పు పోలేదు. నీరు తగ్గేకొద్దీ ఆ ఉప్పే చిక్కబడింది. మూడు మళ్ళలో వేలెడు లోతున పరిచిన నీళ్ళ మీద మా ఊరి ఎండ నాలుగు రోజులుగా కాస్తోంది.

కుళాయి నీళ్ళు ఒక చుక్క ఆ పొర మీద వేసి చూశాను. కొన్ని కణాల్లో రంగు మెల్లగా పరుచుకుని గోడను తాకింది. కొన్ని కదలలేదు. కొన్నింట్లో రంగు బయటికి కారిపోయి, కణం ఖాళీగా ఉంది. అవి మరి కోలుకోవు. ఎంతసేపటికి ఏది అలా అవుతుందో నాకు తెలియదు.

వార్డెన్ గారి దగ్గరికి వెళ్ళి ఇంటికి పోవాలన్నాను. ఎవరికి బాగాలేదని అడిగితే, నారుకని చెబితే పంపరని, మా వదినకని అబద్ధమాడాను.

బస్సు దిగి మూడు మైళ్ళు నడిచాను. మా పొలం గట్టు ఎక్కేసరికి మూడు దాటి ఉంటుంది. నారు ఆకుల కొసలు తెల్లబడ్డాయి. ఆకులు సూదుల్లాగా చుట్టుకున్నాయి. మళ్ళలో నీళ్ళున్నాయి. నీళ్ళలో నిలబడే నారు ఎండుతోంది. ఎండుతోంది కాబట్టి నీళ్ళు చాలలేదనుకున్నారు. అన్న, ఒక కూలీ మనిషి, చెరో పక్క నిలబడి తాళ్ళు పట్టుకుని గూడ ఊపుతున్నారు. మురుగు కాలువ నీళ్ళు ఇంకో తడి మడిలోకి పడుతున్నాయి. పెద్దాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వదిన కూలీ మనిషికి మజ్జిగ తెచ్చి పక్కన నిలబడి ఉంది.

"ఆపన్నా" అన్నాను.

"ఏందమ్మే, సెలవలిచ్చినారా?"

"గూడ ఆపు. ఈ నీళ్ళు మడిలోంచి తీసెయ్యాల."

పెద్దాయన నవ్వాడు. "తీసేసి పాలు పోద్దామా అమ్మణ్ణీ? దప్పికైన నారుకి నీళ్ళు తీసెయ్యమనే చదువు నేనిప్పుడే చూడ్డం."

అన్న తాడు వదల్లేదు. "నువ్వే గదా ఇబ్బంది లేదని చెప్పింది?"

"చెప్పినాను. తప్పు చెప్పినాను."

అన్న గూడ దించాడు. చూసింది చూసినట్టు చెప్పాను. ఎండకు నీళ్ళు పోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, దాని మీద ఇంకో తడి పెడితే ఆ ఉప్పూ వచ్చి చేరుతుంది, ఇప్పుడు మడిలో ఉన్నవి సీసాలో నువ్వు తెచ్చిన నీళ్ళు కావు, అని.

"మా తాతల కాడ్నుంచీ ఇయ్యే పెడతా ఉండాం" అన్నాడు పెద్దాయన.

"ఎన్ని తడులు పెట్టినారు తాతా?"

"ఒకటి. మహా అయితే రెండు. అంతలోకి వానొచ్చేది."

"ఈసారెన్ని?"

ఆయన అన్న వైపు చూశాడు. "ఇది ఐదోది" అన్నాడు అన్న.

వదిన చెంబులోని మజ్జిగ గట్టు మీద ఉన్న ముంతలోకి వంచి, తాగడానికి తెచ్చుకున్న దొరువు నీళ్ళతో చెంబును తొలిచి కడిగింది. ముందు కాలువలోకి దిగి దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మింది. నోరు కడుక్కుంది. తర్వాత మడి నీళ్ళు తీసుకుంది. ఈసారి వెంటనే ఉమ్మి, ముఖం చిట్లించింది. పెద్దాయన ఎదుట, మొదటిసారి, నేరుగా అన్నతో మాట్లాడింది.

"కాలవలోయి ఉప్పు. మడిలోయి చేదు."

చెంబు ముంచి పెద్దాయన చేతికి ఇచ్చింది. "మీరూ చూడండి పెద్దయ్యా."

ఆయన నోట్లో పోసుకున్నాడు. చాలాసేపు ఉంచుకున్నాడు. ఉమ్మాక మా ఎవరి వైపూ చూడలేదు. లేచి, పార అందుకుని, తానే మడి గట్టు తెంచాడు. రెండో మడి, మూడో మడి కూడా. నీళ్ళు మురుగు కాలువలోకి పోసాగాయి.

"రేపటికి బీటలిస్తది" అన్నాడు అన్న.

"దొరువుంది" అంది వదిన.

"దొరువు నీళ్ళతో మూడు మళ్ళు తడస్తాయా?"

"ఒక మడి తడస్తది."

ఏ మడి అన్నది నన్ను అడిగారు. అంత జరిగాక కూడా నన్నే అడిగారు. నేను ప్రతి మడిలోనూ నాలుగు చోట్ల మొక్కలు పీకి చూశాను. కాలువ పక్క మడిలో వేళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. పెద్ద మడిలో సగం. దిబ్బ వైపు చిన్న మడిలో వేళ్ళు ఇంకా తెల్లగా ఉన్నాయి, ఆకు చుట్టుకున్నా మొవ్వు పచ్చగా ఉంది. అన్నకు పెద్ద మడి మీద ఆశ పోలేదు. "అది బతికితే సగం పొలం నాటొచ్చు" అన్నాడు. బతుకుతుందని చెప్పలేనన్నాను. చిన్నది మాత్రం బతుకుతుందా అని అడిగాడు.

"తెలీదన్నా. దానికి ఎక్కువ ఆశ ఉండాది, అంతే."

పొద్దుగుంకే దాకా దొరువు నుంచి నీళ్ళు మోయడమే. మర్నాడు తెల్లారినప్పటి నుంచి మళ్ళీ. అన్న, కూలీ మనిషి కావళ్ళతో మోశారు. నేను బిందెతో మోశాను. వదిన దొరువులో మోకాళ్ళ లోతున నిలబడి, బుడుంగుమనకుండా పైపైనే ముంచి అందించింది. పదేసి బిందెలకు ఒకసారి నాలుక మీద వేసుకునేది. నీళ్ళు మడిలో పారించి, కాసేపు ఉంచి, తీసేసి, మళ్ళీ పెట్టాలి. మట్టిలో దిగిన ఉప్పు కడిగిపోవాలి. మొదటి నీళ్ళు పోయాక కూడా మడి నీళ్ళు ఉప్పగానే ఉన్నాయని వదిన చెప్పింది. రెండోసారి పోశాక కొంచెం తగ్గిందంది.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె చెయ్యి ఎత్తింది. "ఆపండి. దిగువ నీళ్ళు వస్తా ఉండాయి."

"ఇంకొక్క ఇరవై బిందెలు. అయిపోతది" అన్నాడు అన్న. ముందు రాత్రి నిద్ర లేదు, భుజం మీద చర్మం లేచిపోయింది.

"సాయంత్రానికి మళ్ళా ఊరతాయి. అప్పుడు తోడుకో."

"సాయంత్రానికి నారు ఉండొద్దా?"

ఆయన గుంటలోకి దిగబోయాడు. వదిన ఇత్తడి బిందె ఒడ్డున బోర్లించి, దిగే దోవకు అడ్డంగా దాని మీద కూర్చుంది.

"లెయ్."

"లేవను. ఇప్పుడు తోడితే నువ్వు మడికి పోసేది ఆ కాలవ నీళ్ళే. నన్ను దాటి పోయి పోసుకో."

అన్న కావడి కింద పడేశాడు. కొడతాడేమో అనుకున్నాను. ఆయన ఎప్పుడూ చెయ్యెత్తిన మనిషి కాదు, అయినా ఆ నిమిషం అలా అనిపించింది. కొంతసేపటికి ఇసుకలో చతికిలబడి కాళ్ళు చాపాడు. ముగ్గురం దొరువు వైపు చూస్తూ కూర్చున్నాం. నీరు ఊరడం కంటికి కనిపించదు. వదిన గుంట పక్కన ఒక పుల్ల గుచ్చి, తడి ఎంత ఎక్కిందో చూస్తూ ఉంది.

వెనుక నుంచి గాజుల చప్పుడైంది. రాణిగారి కడవ అని నవ్వే ఆడవాళ్ళు ఐదారుగురు, దిబ్బ అవతలి దొరువు నుంచి తలా ఒక కడవ నింపుకుని వస్తున్నారు. ముందున్నామె మా దగ్గర ఆగలేదు, నేరుగా మడి వైపు నడుస్తూ అంది: "రాణిగారూ, మా నీళ్ళు మీ నారుకి సరిపడతాయో లేదో, నోట్లో ఏసుకోని చెప్పండి."

వదిన లేచి వెళ్ళి ఒక్కో కడవలో వేలు ముంచి చూసింది. ఒక కడవ పక్కన పెట్టించింది. మిగతావి పోయించింది.

మూడో రోజు పొద్దున మేం ముగ్గురం గట్టు మీదికి వెళ్ళాం. ఎవరూ ముందు నడవడం లేదు. పెద్ద మడి, కాలువ పక్క మడి గడ్డి రంగులోకి తిరిగాయి. ముట్టుకుంటే ఆకు పెళుసుగా విరిగింది. చిన్న మడిలో ఆకుల కొసలు చచ్చిపోయి ఉన్నాయి. కానీ సూదుల్లా చుట్టుకున్నవి విచ్చుకుని వెడల్పయ్యాయి. అన్నీ కావు. అన్న కూర్చుని ఒక్కో ఆకునూ వేళ్ళతో విప్పి చూస్తూ చాలా దూరం జరిగాడు.

తొమ్మిది రోజులకు వాన పడింది. ఆ నారు మా పొలంలో మూడో వంతుకు కూడా చాల్లేదు. మిగతాది ఆ ఏడు బీడుగానే ఉంది. తినడానికి గింజలు మాత్రం వచ్చాయి.

నేను హాస్టలుకు తిరిగి వచ్చే రోజు, అన్న ఆ మందు సీసాను కడిగి ఆరబెట్టి సంచిలో పెట్టాడు.

"వచ్చే ఏడూ నీళ్ళు తెస్తా. నువ్వే చూడాల."

"వదినకి చూపించుకో అన్నా."

"ఆమెకి చూపించినాకనే తెస్తా" అన్నాడు.

ఆ తర్వాత రెండుసార్లు తెచ్చాడు. రెండుసార్లూ వదిన ముందే చెప్పి పంపింది. ఒకసారి ఉప్పని, ఒకసారి "నాకు తెలియడం లేదు, పాపని అడుగు" అని. వదిన నన్ను పాప అనే పిలిచేది. రెండోసారి నేను ఆ నీళ్ళను మూడో వంతు అయ్యేదాకా ఎండలో ఉంచి, అప్పుడు పొర మీద వేసి చూశాను. కణాలు నిండుగానే ఉన్నాయి. అయినా అన్నకు రాసిన కార్డులో ఒక్క తడే పెట్టమన్నాను. వదిన కూడా అదే చెప్పిందని ఆయన తిరుగు కార్డు రాశాడు.